బిగించిన బోల్టును మళ్ళీ చూసుకోవాలి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. దాని గురించి పెద్దలు సవివరంగా మాట్లాడారు. నాకు మన కార్యదర్శిగారు వేరే పని అప్పగించారు. “మీరు అమెరికా వెళ్ళి వచ్చారు కదండీ, ఆ విశేషాలు పది నిమిషాలు చెప్పండి” అన్నారు. నయాగరా గురించి చెబుతాననుకుని ఉంటారు. నయాగరా ఫోటోలు మీ అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. అందుచేత నేను ఒక పాత కారుకి పొగ గొట్టాలు మార్చిన సంగతి చెబుతాను. నవ్వకండి. చివరిదాకా వింటే మన ఇళ్ళకు పనికివచ్చే ముక్క ఒకటి ఉంది.

నేను 1972లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి 2008లో రిటైరయ్యాను. ముప్పై ఆరేళ్ళు పట్టుకున్న పనిముట్లు కలం, టాగు దారం, గుండుసూది. పానా పట్టుకున్నవాణ్ణి కాదు. 2023 మే నెలలో నేనూ మా ఆవిడా డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్ అనే ఊళ్ళో మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాం. వెళ్ళిన మర్నాడు గ్యారేజీ తలుపు ఎత్తి చూపించాడు. లోపల ఒక పాత కారు. 1969 నాటి షెవర్లే షెవెల్. బానెట్ మంచం అంత పొడుగు. “ఎంత పెట్టి కొన్నావురా?” అన్నాను. చెప్పాడు. మనసులో రూపాయలలోకి మార్చుకున్నాను. అక్కడితో నాలుగు రోజులు మా మధ్య మాటలు తగ్గాయి.

నిజం చెప్పాలంటే అంతకుముందు కూడా మా మధ్య మాటలు తక్కువే. ఆదివారం ఫోను చేసేవాడు. “బాగున్నారా నాన్నా? మందులు వేసుకుంటున్నారా? అమ్మకివ్వండి.” ఇంతే. మీలో చాలామందికి ఇది కొత్త కాదు.

ఆ కార్లను అక్కడ మజిల్ కార్లు అంటారు. మధ్య తరగతి కుటుంబాలు కొనుక్కునే మోస్తరు కారులో, దాని స్థాయికి మించిన పెద్ద ఇంజను కూర్చోబెట్టడం అన్నమాట. 1964లో పాంటియాక్ కంపెనీవారు టెంపెస్ట్ అనే మామూలు కారులో 389 ఘనపు అంగుళాల ఇంజను పెట్టి జీటీవో అని అమ్మారు. కుర్రకారు ఎగబడ్డారు. దానితో మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. తరువాత బీమా ప్రీమియాలు పెరిగాయి, 1970లో వాయు కాలుష్య చట్టం వచ్చింది, 1973లో చమురు సంక్షోభం వచ్చింది. పదేళ్ళలో ఆ వైభవం ముగిసింది. 1975 మోడళ్ళ నుంచి పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్లు బిగించడం మొదలైంది. మా వాడి కారు అంతకు ముందుది కనుక దానికి అది లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత కావాలి.

మా వాడి కారు ఇంజను 350 ఘనపు అంగుళాలు, అంటే 5.7 లీటర్లు. మన పాత అంబాసిడర్ది 1489 సీసీ. సుమారు నాలుగు అంబాసిడర్లు ఒక్క కారులో ఉన్నట్టు! అయినా నిజమైన మజిల్ షెవెల్ అంటే 396 ఇంజనుదేనట, పట్టింపు ఉన్నవాళ్ళు దీన్ని ఆ జాబితాలో చేర్చరట. మా వాడు అది కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. “ఏం ఫరవాలేదురా, నాన్-గెజిటెడ్ అన్నమాట. మీ నాన్న కూడా అంతే” అన్నాను. నాలుగు రోజుల తరువాత ఇద్దరం నవ్వింది అప్పుడే.

ఇక అసలు పని. ఆ ఇంజనులో ఎనిమిది సిలిండర్లు, పక్కకి నాలుగు చొప్పున. కాలిన పొగ బయటకు పోవడానికి కంపెనీవారు ఒక్కొక్క పక్క పోత ఇనుముతో చేసిన మానిఫోల్డ్ బిగించారు. నాలుగు సిలిండర్ల పొగా ఒకే ఇరుకు దారిలో కలిసి పోవాలి. సినిమా వదిలినప్పుడు ఒకే చిన్న గేటు తెరిచినట్టు. ఆ ఇంజనులో సిలిండర్లు పేలే వరస 1, 8, 4, 3, 6, 5, 7, 2. బేసి సంఖ్యలన్నీ డ్రైవరు పక్క, సరి సంఖ్యలు రెండో పక్క. 5 తరువాత వెంటనే 7 పేలుతుంది, రెండూ ఒకే పక్క. అవతలి పక్క 8, 4 కూడా అంతే. ఒకదాని పొగ పోకముందే రెండోదాని పొగ వచ్చి అడ్డుపడుతుంది. హెడర్లు అనేవి బయటి కంపెనీలు చేసి అమ్మే గొట్టాలు. వీటిలో ప్రతి సిలిండరుకీ విడిగా ఒక పొడుగాటి గొట్టం. నాలుగూ కొంత దూరం వేరువేరుగా పోయి, చివర ఒక లావు గొట్టంలో కలుస్తాయి. ముందు పోయిన పొగ తన వేగంతో వెనకదాన్ని లాక్కుపోతుంది. ఇంజను ఊపిరి తేలికవుతుంది, బలం కొంత పెరుగుతుంది.

ఆగస్టు మూడో శనివారం అక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ అనే పెద్ద రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైంది. వేలాది కార్లు వస్తాయి. అప్పటికి హెడర్లు బిగించి, ఏడేళ్ళ మనవణ్ణి ఎక్కించుకుని వెళ్ళాలని మా వాడి కోరిక. శని, ఆదివారాలు మాత్రమే ఖాళీ.

మొదటి వారమే ఒక పొరపాటు జరిగింది. పాత మానిఫోల్డ్ పక్కకి ఆరు బోల్టులతో ఉంటుంది. యాభై ఏళ్ళ వేడికి తుప్పు పట్టి ఇంజనుతో కలిసిపోయాయి. మా వాడు పానాకి పొడుగు గొట్టం తగిలించి బలంగా లాగాడు. చివరి బోల్టు తల తెగి చేతికొచ్చింది. మిగతా ముక్క లోపల ఉండిపోయింది. దాన్ని డ్రిల్లు పెట్టి తీయడానికి రెండు రోజులు పట్టింది.

ఆ చప్పుడు విని పక్కింటి పెద్దాయన వచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి, అంటే ఆయనా పెన్షనరే. చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి ఇలా అన్నాడు: “ఇనుముతో తగువు పెట్టుకోకండి. ఈ రాత్రి తుప్పు వదిలే నూనె పోసి పడుకోండి. రేపు మళ్ళీ పొయ్యండి. ఎల్లుండి కొంచెం విప్పండి, కొంచెం బిగించండి, మళ్ళీ కొంచెం విప్పండి. అదే వస్తుంది.” అలాగే చేశాం. మిగిలిన పదకొండూ ఒక్కటి కూడా తెగకుండా వచ్చాయి. ఇంకో మాట కూడా చెప్పాడు. “పోత ఇనుము మానిఫోల్డ్ పెట్టినవాడు తెలివితక్కువవాడు కాదు. అది చవక, చప్పుడు తక్కువ, పదికాలాలు ఉంటుంది. ఈ సన్న గొట్టాలు మీకు బలం ఇస్తాయి, బదులుగా కనిపెట్టి ఉండే పని కూడా ఇస్తాయి.” ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా ఎక్కలేదు.

నాకు ఒక ఉద్యోగం దొరికింది. రిజిస్టరు రాయడం. ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీశాను. వరస సంఖ్య, తేదీ, విప్పిన వస్తువు, ఎక్కడిది, ఎక్కడ పెట్టాం, రిమార్కులు. మొదటి ఐటం, బ్యాటరీ నెగెటివ్ తీగ తీయడం. రెండోది, కారు ఎత్తాక జాకీ మీద వదిలేయకుండా ఇనుప స్టాండ్లు పెట్టడం. స్పార్క్ ప్లగ్గు తీగలకి ఒకటి నుంచి ఎనిమిది వరకు చీటీలు కట్టాను. ఏ బోల్టుకి ఆ సంచి. మా వాడు మొదట నవ్వాడు. మూడో వారం నుంచి “నాన్నా, స్టార్టరు మోటారు కింది బోల్టు ఏ సంచిలో ఉంది?” అని నన్నే అడగడం మొదలుపెట్టాడు. స్టార్టరు తీస్తేగాని కుడి పక్క గొట్టాలు దూరలేదు లెండి.

కొత్త గొట్టాలు దూర్చడం ఏనుగుని గదిలోకి తోసినట్టే. ఎడమ పక్క స్టీరింగు కడ్డీ అడ్డం, ఆయిలు ఫిల్టరు కూడా అడ్డం. గ్యాస్కెట్ మధ్యలో పెట్టి బోల్టులన్నీ ముందు వేళ్ళతోనే ఎక్కించి, తరువాత మధ్యవి మొదలుపెట్టి అంచుల వైపు కొంచెం కొంచెంగా బిగించాం. ప్లగ్గు తీగలు గొట్టాలకు తగిలి కాలిపోకుండా వేడికి ఆగే తొడుగులు వేశాం. పని చేస్తున్నంతసేపూ మా వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. ఆఫీసులో ఒకసారి ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చిందట. మాకు చెప్పనేలేదు. కారు కింద పడుకుని, మొహం కనపడకుండా, ఆ సంగతి చెప్పాడు. నేను టార్చిలైటు పట్టుకుని విన్నాను.

హెడర్లతోపాటు వచ్చిన సూచనల కాగితం నేనే చదివి రిజిస్టరులోకి ఎక్కించాను. అందులో చివరిది మా లెక్కలో ఐటం 23. “ఇంజను మొదటిసారి బాగా వేడెక్కాక ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, బోల్టులన్నీ మళ్ళీ బిగించాలి.” వేడికి గ్యాస్కెట్ అణిగిపోతుంది, బోల్టులు వదులవుతాయి. గురువారం రాత్రి ఇంజను స్టార్టు చేశాం. కొత్త రంగు కాలి పొగ వచ్చింది, అది మామూలేనట. ఆ గర్జనకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఐటం 23 సంగతి అడిగితే “ఊరేగింపు అయ్యాక చూద్దాం నాన్నా” అన్నాడు. నేను రిమార్కుల గడిలో ‘పెండింగు’ అని రాసి సంతకం పెట్టాను. ఊరుకున్నాను. వాడి ఇల్లు, వాడి కారు, నేను చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి అనుకున్నాను.

శనివారం ఉదయం బయలుదేరాం. మా వాడూ నేనూ ముందు, మనవడు వెనక. ఇంజను దగ్గర ‘టిక్ టిక్ టిక్’ అని సన్నటి చప్పుడు. టైపు హయ్యరు పాసైన చెవులు నావి. ఆ చప్పుడు కొత్తగా ఉందని చెప్పాను. “పాత ఇంజను కదా, వాల్వుల చప్పుడు” అన్నాడు. వుడ్‌వర్డ్ మీద కార్లు నత్తనడక నడుస్తున్నాయి. సన్నగా వాన మొదలైతే అద్దాలు ఎత్తాం. అరగంట గడిచింది. నా కణతలు పోటెత్తాయి. బీపీ అనుకున్నాను. వెనకనుంచి మనవడు, “తాతయ్యా, తల నొప్పి, వాంతి వస్తోంది” అన్నాడు.

ఇక్కడ మీకొక పాత సంగతి చెప్పాలి. 1984లో నేను పాడేరు ఏజెన్సీలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. అక్కడి చలి మీకు తెలుసు. రాత్రి వాచ్‌మన్ ఒకరోజు సాయంత్రం బొగ్గుల కుంపటి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకోవడం చూశాను. చలికి పాపం అనుకుని ఇంటికి పోయాను. తెల్లవారి తలుపు పగలగొట్టారు. మంచం మీద నిద్రపోయినట్టే ఉన్నాడు. అతని భార్యకి ఫ్యామిలీ పెన్షన్ ఫైలు రాసింది నేనే. ఆమె వేలిముద్ర వేయించింది నేనే. డాక్టరుగారు అప్పుడు చెప్పారు, బొగ్గులు సరిగా గాలి ఆడక కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుందని, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుందని.

మనవడి మాట వినగానే ఆ గది నా కళ్ళముందు కనపడింది. “ఒరేయ్, బండి పక్కకి తియ్యి. ఇప్పుడే. ఇంజను ఆపు” అని అరిచాను. వాడి మీద నేను అలా అరిచి పాతికేళ్ళయింది. ఏమనుకున్నాడో, మారుమాట లేకుండా ఆపాడు. పిల్లవాణ్ణి వానలోనే గడ్డి మీదకి దింపాం. కోడలు వేరే కారులో వచ్చి మమ్మల్ని ఆస్పత్రికి తీసుకుపోయింది. అప్పటికి మనవడి వేలికి మా ఆవిడ ఆక్సీమీటరు పెట్టి చూసింది. 98 చూపించింది. “బాగానే ఉంది కదా” అంది. ఆస్పత్రిలో చెప్పారు, మామూలు ఆక్సీమీటరు ఈ వాయువును పట్టుకోలేదని, రక్తంలో ఇది కలిసినా ఆక్సిజన్ ఉన్నట్టే చూపిస్తుందని. రక్తపరీక్ష చేస్తే ఇద్దరికీ ఉంది. ముసుగు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. సాయంత్రానికి పిల్లవాడు ఐస్‌క్రీం అడిగాడు. మా వాడు నడవాలో గోడకానుకుని నిలబడి ఉన్నాడు. వాడికీ పరీక్ష చేయించమని కోడలు బలవంతం చేసింది.

కారును మరో బండి మీద ఎక్కించి ఇంటికి తెప్పించాం. మర్నాడు పక్కింటాయన సాయంతో ఎక్కడ కారుతోందో వెతికాం. మా ఆవిడ అగరుబత్తి పొగతో చూడమంది. పెట్రోలు బండి దగ్గర నిప్పు కూడదని పెద్దాయన ఆపాడు. వాక్యూమ్ క్లీనరు గాలి ఊదే వైపు వెనక సైలెన్సర్ గొట్టానికి తగిలించి, అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లించాడు. అచ్చంగా మన సైకిలు షాపులో ట్యూబు పంక్చరు చూసినట్టే. ఎడమ పక్క గ్యాస్కెట్ దగ్గర బుడగలు వచ్చాయి. పానా పెట్టి చూస్తే మూడు బోల్టులు అర చుట్టు దాకా తిరిగాయి. అంతే. అర చుట్టు. ఆ పొగ బానెట్ కింద నిండి, ఇంజనుకీ మనకీ మధ్య ఉండే రేకులో పాత తీగల కోసం చేసి వదిలేసిన కన్నాల గుండా లోపలికి వచ్చింది. కన్వర్టరు లేని పాత బండి పొగలో ఆ వాయువు మరీ ఎక్కువ.

కన్నాలన్నిటికీ రబ్బరు బిరడాలు వేశాం. బోల్టులు బిగించాం. వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ బిగించాం. మా వాడు ఒక్కడే, అద్దాలు దించి, నూరు మైళ్ళు తిప్పి తెచ్చాక మళ్ళీ చూశాం. సబ్బునీళ్ళ పరీక్షలో ఒక్క బుడగ రాలేదు. అప్పుడు రిజిస్టరు నా ముందు పెట్టాడు. ఐటం 23కి ఎదురుగా ‘సరిచూడబడినది’ అని రాసి సంతకం చేశాను. కింద వాడూ చేశాడు. “తప్పు నాది నాన్నా” అన్నాడు. “సగం నాది. రాసి ఊరుకున్నాను” అన్నాను.

సోదరులారా, నేను చెప్పదలచుకున్నది ఇదే. సర్వీసులో మనకొక అలవాటు ఉండేది. ఫైలులో నోటు రాసేస్తే మన బాధ్యత తీరిందనుకునేవాళ్ళం. పాడేరులో నాకు తెలియక ఊరుకున్నాను. అమెరికాలో తెలిసి ఊరుకున్నాను. పిల్లల ఇంట్లో మనం అతిథులం, మనకెందుకులే అనుకోవడం మర్యాదే కావచ్చు. అయినా ప్రాణాల దగ్గర ఆ మర్యాద పనికిరాదు. మెల్లిగా చెప్పండి, వినకపోతే గట్టిగా చెప్పండి.

ఇక మన ఇళ్ళకు పనికివచ్చే ముక్క. ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి. మన వయసులో వీటిని బీపీ అనో, గ్యాస్ అనో అనుకుంటాం. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే, బయటికి రాగానే తగ్గితే, అనుమానించాలి. ముందు అందరినీ బయటి గాలిలోకి తేవాలి, తరువాత ఆస్పత్రికి. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టించకండి. కరెంటు పోయిందని జనరేటరు ఇంటి లోపల నడపకండి. కుంపటితో తలుపులు మూసుకుని పడుకోకండి. అమెరికాలో ఉన్న పిల్లలకు ఫోను చేసినప్పుడు, మూసిన గ్యారేజీలో కారు స్టార్టు చేసి ఉంచవద్దని, ఇంట్లో ఈ వాయువును కనిపెట్టే అలారం పనిచేస్తోందో లేదో చూసుకోమని చెప్పండి.

మా అబ్బాయి ఇప్పటికీ ఆదివారమే ఫోను చేస్తాడు. మందుల సంగతి చివర్న అడుగుతాడు. ముందు మాత్రం, “నాన్నా, ఈ నెల బోల్టులు చూశాను, ఒక్కటీ వదులు కాలేదు” అంటాడు. నేను తేదీ వేసి ఇక్కడ రాసుకుంటాను. రిజిస్టరు నాతోనే తెచ్చుకున్నాను.